బ్యాటరీ తగిలించగానే సెరామిక్ కెపాసిటర్లు పోతున్నాయి – ఇన్‌రష్ కరెంటు నుంచి వీటిని కాపాడేదెలా?

పర్లాకిమిడి_రిపేర్ | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాకు పర్లాకిమిడిలో చిన్న రిపేరు షాపు ఉంది. గుమ్మ వైపు కొండ మీద ఒక ఆశ్రమ పాఠశాల హాస్టల్లో సోలార్ ఫ్యాన్లు నడిపే బోర్డులు నేనే చూస్తాను. రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి. ఆ పెట్టె నుంచి ఒక్కో ఫ్యానుకి సుమారు 3 మీటర్ల వైరు, చివర ప్లగ్గు, ప్లగ్గు తర్వాత ఎల్‌ఎం2596 ఐసీ (వోల్టేజ్ తగ్గించే చిప్పు) ఉన్న బోర్డు. అది 12 వోల్టులకు దించి ఫ్యానుకి ఇస్తుంది. మొత్తం 11 బోర్డులు.

పోయిన వేసవిలో రేకుల కప్పు వేడికి చాలా బోర్డుల్లో ఇన్‌పుట్ ఎలక్ట్రోలైటిక్‌లు (లోపల ద్రవం ఉండే కెపాసిటర్లు) ఎండిపోయాయి, కొన్ని పైన ఉబ్బాయి. సెరామిక్ అయితే ఎండిపోయే బాధ ఉండదని, అన్నిట్లోనూ అవి తీసేసి 10 మైక్రోఫారడ్, 50 వోల్టుల ఎక్స్7ఆర్ సెరామిక్‌లు రెండేసి వేశాను. 1210 సైజు.

అప్పటి నుంచి ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ టప్పుమని నిప్పురవ్వ వస్తోంది. రెండు నెలల్లో మూడు బోర్డులు చచ్చాయి. మూడింటిలోనూ ఇన్‌పుట్ దగ్గర మీటరు పెడితే షార్ట్. ఇన్‌రష్ కరెంటుకి (ప్లగ్గు పెట్టగానే ఒక్కసారిగా దూసుకొచ్చే కరెంటు) సెరామిక్‌లు తట్టుకోలేకపోతున్నాయని నా అనుమానం. ఎన్‌టీసీ (చల్లగా ఉన్నప్పుడు కరెంటుని అడ్డుకుని, వేడెక్కితే వదిలే రెసిస్టర్) ఎంతది పెట్టమంటారు? పిల్లలు ఆ గదిలో నలభై మంది పడుకుంటారు. ఫ్యాను ఆగితే నిద్ర ఉండదు. త్వరగా తేల్చాలి.

బరంపురం_ఈరిక్షా | సోమవారం, రాత్రి 9:40

తమ్ముడూ, నేను బరంపురంలో ఈ-రిక్షా కంట్రోలర్లు చూస్తాను. 48 వోల్టుల బ్యాటరీ, లోపల పెద్ద పెద్ద కెపాసిటర్లు. నేరుగా తగిలిస్తే కనెక్టర్ పిన్ను కరిగిపోతుంది. మా దగ్గర పద్ధతి ఒకటే: ముందు 100 ఓంల 5 వాట్ల రెసిస్టర్‌తో రెండు క్షణాలు తాకించి, కెపాసిటర్లు నిండాక అసలు కనెక్టర్ పెడతాం. నీకైతే 5డీ-9 ఎన్‌టీసీ ఒకటి వరసలో పెట్టేస్తే చాలు. చల్లగా ఉన్నప్పుడు 5 ఓంలు. చార్జింగులో నీ రెండు బ్యాటరీలూ కలిపి ఇచ్చే 27 వోల్టులకి ఐదున్నర ఆంపియర్లు మించదు.

రాయగడ_పాత_రేడియో | సోమవారం, రాత్రి 10:05

నాయనా, మందు రాసే ముందు రోగం ఏమిటో చూడాలి. ఇన్‌పుట్ దగ్గర షార్ట్ అన్నావు. షార్ట్ అయింది కండెన్సరా (అదే, మీ కెపాసిటర్), ఐసీనా? రెండూ ఒకే లైను మీద ఉంటాయి కాబట్టి మీటరుకి తేడా తెలియదు. కండెన్సర్లు రెండూ విప్పి, విడిగా కొలిచి, అప్పుడు చెప్పు. నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, లైను మీద కొలిచి తప్పు భాగాన్ని పారేసిన రోజులు నాకు చాలా ఉన్నాయి.

పర్లాకిమిడి_రిపేర్ | మంగళవారం, ఉదయం 11:30

గురువు గారూ, మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న. విప్పి చూశాను. రెండు బోర్డుల్లో కెపాసిటర్లు నాలుగూ బాగానే ఉన్నాయి! ఐసీ ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకి షార్ట్. మూడో బోర్డులో మాత్రం ఐసీ బాగుంది, ఒక కెపాసిటర్ 2 ఓంలు చూపిస్తోంది. ఇప్పుడు నాకు ఇంకా అయోమయంగా ఉంది. కెపాసిటర్ బాగుండి ఐసీ ఎందుకు పోయింది?

జయపురం_పవర్ | మంగళవారం, రాత్రి 8:50

ఇది రెండు వేరు వేరు జబ్బులు కలిసిన కేసు. కొంచెం ఓపికగా చదవండి.

ముందు ఒక మాట. సెరామిక్ కెపాసిటర్ ఇన్‌రష్ కరెంటుకి అంత తేలిగ్గా చావదు. దాని లోపలి రెసిస్టెన్స్ కొన్ని మిల్లీ ఓంలే. కొన్ని మైక్రోసెకన్ల పాటు యాభై ఆంపియర్లు పోయినా అందులో పుట్టే వేడి లెక్కలోకి రాదు. సర్జ్ కరెంటుకి నిజంగా భయపడాల్సింది టాంటలం కెపాసిటర్. బ్యాటరీ లైను మీద దాన్ని పెడితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. సెరామిక్‌ది ఆ స్వభావం కాదు.

మరి ఐసీ ఎందుకు పోయింది? తక్కువ రెసిస్టెన్స్ అనే ఆ మంచి గుణమే ఇక్కడ తంటా తెచ్చింది. మీ 3 మీటర్ల వైరుకి ఇండక్టెన్స్ (కరెంటులో మార్పుని అడ్డుకునే గుణం) ఉంటుంది. పక్కపక్కన పోయే రెండు తీగలకి సుమారు 2 మైక్రోహెన్రీలు అనుకుందాం. మీ కెపాసిటర్లు పేరుకి 20 మైక్రోఫారడ్లు. కానీ ఎక్స్7ఆర్ రకానికి డీసీ వోల్టేజ్ పెరిగేకొద్దీ కెపాసిటెన్స్ పడిపోతుంది. 27 వోల్టుల దగ్గర మీకు మిగిలేది 8 అనుకుని లెక్క వేస్తున్నాను. ఇండక్టెన్స్‌ని కెపాసిటెన్స్‌తో భాగించి వర్గమూలం తీస్తే అర ఓం వస్తుంది. 27 వోల్టులని అర ఓంతో భాగిస్తే 54 ఆంపియర్లు. అదే మీ నిప్పురవ్వ.

ఆ కరెంటు కెపాసిటర్‌ని 27 వోల్టుల దాకా నింపడానికి 6 మైక్రోసెకన్లు చాలు. కానీ 27 రాగానే కరెంటు ఆగిపోదు, వైరులో దానికి ఊపు ఉంటుంది. ఇంకో 6 మైక్రోసెకన్లు నింపుతూనే పోతుంది. అడ్డుకునే రెసిస్టెన్స్ ఏమీ లేకపోతే వోల్టేజ్ రెట్టింపు, అంటే 54 దాకా లేస్తుంది. మీ వైరు, ప్లగ్గు, బ్యాటరీ అన్నీ కలిపి 0.1 ఓం ఉందనుకున్నా 46, 47 వోల్టులు తప్పవు. ఎల్‌ఎం2596 కి గరిష్ఠ పరిమితి 45 వోల్టులు. వోల్టేజ్ పెరిగినకొద్దీ కెపాసిటెన్స్ ఇంకా తగ్గుతుంది కాబట్టి అసలు శిఖరం ఈ లెక్క కంటే పైనే ఉంటుంది.

పాత ఎలక్ట్రోలైటిక్ ఉన్నప్పుడు ఈ గొడవ ఎందుకు లేదు? దాని లోపల ఉన్న కాస్త రెసిస్టెన్సే ఆ ఊపుని మింగేసేది. మీరు ఎండిపోయిన దాన్ని తీసేస్తూ, దానితో పాటు బోర్డుకున్న బ్రేకునీ తీసేశారు.

గుణుపురం_బీటెక్ | మంగళవారం, రాత్రి 9:20

అన్నా, 27 వోల్టుల బ్యాటరీ 54 వోల్టులు ఎలా ఇస్తుందో నాకు ఎక్కడం లేదు. లేని వోల్టేజ్ ఎక్కడి నుంచి వస్తుంది?

జయపురం_పవర్ | మంగళవారం, రాత్రి 9:45

తమ్ముడూ, రాయగడ ఘాట్ రోడ్డులో నిలబడి బస్సులో వెళ్తున్నావనుకో. డ్రైవరు ఒక్కసారి బ్రేకు వేస్తే బస్సు ఆగినచోట నువ్వు ఆగవు, ముందుకి తూలతావు. తీగలో కరెంటూ అంతే. కెపాసిటర్ 27 కి చేరేసరికి వైరు చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రంలో శక్తి నిండుగా ఉంటుంది. ఆ శక్తి ఎక్కడో ఒకచోట దిగాలి. దిగడానికి కెపాసిటర్ తప్ప వేరే చోటు లేదు కాబట్టి దాని వోల్టేజ్ పైకి పోతుంది. తర్వాత వెనక్కి ఊగుతుంది, మళ్ళీ ముందుకి. సెకనుకి నలభై వేల సార్ల వేగంతో ఊగి చల్లారుతుంది. మొదటి ఊపులోనే ఐసీ పోతుంది.

సోలార్ ప్యానెల్‌ని నేరుగా తగిలిస్తే ఇంత దెబ్బ ఉండదు, అది గమనించు. ప్యానెల్ తన షార్ట్ సర్క్యూట్ కరెంటు కంటే పెద్దగా ఇవ్వలేదు. బ్యాటరీకి ఆ మొహమాటం లేదు.

కాశీనగర్_ఎలక్ట్రికల్ | మంగళవారం, రాత్రి 10:15

అయితే ఇన్‌పుట్ మీద ఒక టీవీఎస్ డయోడ్ (వోల్టేజ్ హద్దు దాటితే ఆ ఎక్కువని తాగేసేది) వేసేస్తే సరిపోతుంది కదా. 24 వోల్టుల లైనుకి ఎస్‌ఎంబీజే24ఏ. నా దగ్గర స్టాకు కూడా ఉంది, కావాలంటే పంపిస్తాను.

జయపురం_పవర్ | మంగళవారం, రాత్రి 10:40

ఆగండి ఆగండి. 24 వోల్టుల బ్యాటరీ అంటే 24 దగ్గర ఉండదు. మధ్యాహ్నం చార్జింగులో 28.8 దాకా పోతుంది. ఎస్‌ఎంబీజే24ఏ 26.7 వోల్టుల నుంచే కరెంటు తాగడం మొదలుపెట్టొచ్చు. రోజూ మధ్యాహ్నం అది మాడుతూ ఉంటుంది, చివరికి షార్ట్ అవుతుంది. ఈ లైనుకి ఎస్‌ఎంబీజే30ఏ కావాలి. కానీ అది పూర్తి దెబ్బ తగిలినప్పుడు 48.4 వోల్టుల దాకా వదిలేస్తుంది, ఐసీ పరిమితి 45. కాబట్టి టీవీఎస్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ముందు ఊపుని తగ్గించాలి, మిగిలిన కాస్తకి టీవీఎస్.

ఊపు తగ్గించే దారి చాలా చవక. సెరామిక్‌లని అలాగే ఉంచి, పక్కన 100 మైక్రోఫారడ్, 63 వోల్టుల మామూలు ఎలక్ట్రోలైటిక్ పెట్టండి. దాని లోపలి రెసిస్టెన్స్ మనం లెక్కగట్టిన ఆ అర ఓం దరిదాపుల్లో ఉంటే మేలు. దాని విలువ సెరామిక్ అసలు విలువకి కనీసం నాలుగు రెట్లు ఉండాలి. మనకి 8 కి 100, కావలసినంత ఉంది. మరీ తక్కువ ఈఎస్‌ఆర్ (అదే, లోపలి రెసిస్టెన్స్) అని రాసి ఉన్న ఖరీదైన రకం ఇక్కడ వద్దు.

బరంపురం_ఈరిక్షా | బుధవారం, ఉదయం 7:10

మరి నేను చెప్పిన ఎన్‌టీసీ ఏమైంది? అదీ రెసిస్టెన్సే కదా, అదీ ఊపుని మింగుతుంది.

జయపురం_పవర్ | బుధవారం, ఉదయం 8:00

మింగుతుంది అన్నా, మీ మాట తప్పు కాదు. చల్లగా ఉన్నంతసేపు బాగా పనిచేస్తుంది. నా అభ్యంతరం వేరు. ఈ ఫ్యాను బోర్డు 24 వైపు నుంచి లాగేది అర ఆంపియరు పైచిలుకు. అంత తక్కువ కరెంటుకి 5డీ-9 పూర్తిగా వేడెక్కదు. దాని 5 ఓంలలో చాలా భాగం అలాగే ఉండిపోయి, రాత్రంతా బ్యాటరీని వేడి రూపంలో తినేస్తుంది. సోలార్ మీద నడిచే హాస్టల్లో ఆ శక్తి పిల్లల ఫ్యానుది. ఎక్కువ ఆంపియర్లు లాగే చోట ఇంకో చిక్కు: పోయి వెంటనే వచ్చే మెయిన్స్ కరెంటు. మన ఊళ్లలో వానాకాలం సాయంత్రం పది నిమిషాల్లో నాలుగుసార్లు పోయి వస్తుంది. అప్పుడు ఎన్‌టీసీ ఇంకా వేడిగానే ఉంటుంది, రెసిస్టెన్స్ ఉండదు, మొదటిసారి ఆపిన దెబ్బని రెండోసారి ఆపలేదు. 230 వోల్టుల ఎస్‌ఎంపీఎస్‌లు (స్విచింగ్ పవర్ సప్లైలు) కరెంటు తిరిగొచ్చినప్పుడు పోవడానికి ఇదొక కారణం. 325 వోల్టుల శిఖరం దగ్గర 470 మైక్రోఫారడ్ నింపితే దాదాపు 25 జౌళ్లు దారిలోని రెసిస్టెన్స్‌లో కాలిపోవాలి. ఎన్‌టీసీ లేకపోతే ఆ వేడి రెక్టిఫయరు, ఫ్యూజు, స్విచ్చు పంచుకుంటాయి.

రాయగడ_పాత_రేడియో | బుధవారం, ఉదయం 9:30

రెండు బోర్డుల సంగతి తేలింది. మూడోదాని సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. పర్లాకిమిడి బాబూ, ఆ షార్ట్ అయిన సెరామిక్ బోర్డు మీద ఎక్కడ ఉంది? స్క్రూ రంధ్రం పక్కనా? భూతద్దం పెట్టి దాని చివరలు చూడు.

పర్లాకిమిడి_రిపేర్ | బుధవారం, మధ్యాహ్నం 1:15

గురువు గారూ, మీరు ఇక్కడే కూర్చుని నా బోర్డు చూస్తున్నట్టు చెప్పారు. స్క్రూ నుంచి అర సెంటీమీటరు కూడా లేదు. భూతద్దంలో చూస్తే లోహపు చివర దగ్గర నుంచి ఏటవాలుగా వెంట్రుకంత గీత కనబడుతోంది. ఇంకో విషయం నిజాయితీగా చెప్పాలి. పాత ఎలక్ట్రోలైటిక్ ప్యాడ్లు దూరంగా ఉంటాయి, 1210 అంత దూరం సరిగ్గా అందదు. అందుకని రెండు వైపులా సోల్డర్ ముద్దగా పోసి అతికించాను. ఐరన్ 400 డిగ్రీల మీద ఉంది.

రాయగడ_పాత_రేడియో | బుధవారం, మధ్యాహ్నం 2:00

అదే. దీనికి కరెంటుతో సంబంధం లేదు. సెరామిక్ అంటే పింగాణీ జాతి. రాగి వంగుతుంది, ఫైబర్ బోర్డు వంగుతుంది, ఇది వంగదు, పగులుతుంది. స్క్రూ బిగించినప్పుడు బోర్డు కొంచెం వంగింది. ముద్ద సోల్డర్ ఆ వంపునంతా తీసుకెళ్లి కండెన్సర్ మీద పెట్టింది. పగులు లోపలి పొరల్లోకి పోయింది. మొదట్లో మీటరుకి బాగానే కనబడుతుంది. తర్వాత తేమ చేరి, వోల్టేజ్ తగిలి, ఒకరోజు షార్ట్. మన కొండల్లో వానాకాలం తేమ సంగతి నీకు చెప్పక్కర్లేదు.

ఐరన్ మొన కండెన్సర్ ఒంటికి తగలకూడదు. ప్యాడ్‌ని వేడిచేసి సోల్డర్ దానంతట అదే పాకేలా చేయాలి. సోల్డర్ వాలుగా, సన్నగా ఉండాలి. చల్లారడానికి ఊదకూడదు. పెద్ద సైజు ఒకటి పెట్టే బదులు 1206 రెండు పెడితే పగుళ్లు తక్కువ. స్క్రూకి దూరంగా, వంగే దిశకి అడ్డంగా పెట్టు, ఆ దిశ పొడవునా కాదు. మెత్తటి టెర్మినేషన్ ఉన్న రకం కూడా వస్తుంది, చివరి లోహపు పొరల మధ్య పాలిమర్ పొర ఉంటుంది. దొరికితే అది తీసుకో.

గుణుపురం_ల్యాబ్ | గురువారం, సాయంత్రం 6:20

నేను గుణుపురంలో ఒక కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఈ చర్చ చదివాక లెక్క ఒక్కటే నమ్మకుండా స్కోప్ (వోల్టేజ్ మార్పుని గీతగా చూపే ఆసిలోస్కోప్) మీద చూద్దామనిపించింది. ఈరోజు ల్యాబ్ ఖాళీగా ఉంటే కూర్చున్నాను. రెండు బ్యాటరీలు, కలిపితే 27 వోల్టులకి దగ్గర, 3 మీటర్ల రెండు తీగల వైరు, 10 మైక్రోఫారడ్ ఎక్స్7ఆర్ రెండు. ఐసీ పెట్టలేదు, పాపం దాన్ని చంపడం ఎందుకని. ప్రోబుకి పొడుగాటి గ్రౌండ్ తీగ తీసేసి పొట్టి స్ప్రింగు వాడాను, లేకపోతే ప్రోబే అబద్ధం చెబుతుంది.

ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ ఒకేలా రాదు, పిన్ను తాకే తీరుని బట్టి మారుతుంది. అందుకే పదిసార్లు పెట్టి ఎక్కువ వచ్చింది తీసుకున్నాను: 49 వోల్టులు. తర్వాత పక్కన 100 మైక్రోఫారడ్, 63 వోల్టుల ఎలక్ట్రోలైటిక్ పెట్టి మళ్ళీ పదిసార్లు. 29 దాటలేదు. వైరు మారిస్తే అంకెలు మారతాయి, కానీ తేడా ఎంతో చూడండి.

గుణుపురం_బీటెక్ | గురువారం, సాయంత్రం 6:45

అక్కా, మాది మీ ఊరే. ఒకరోజు వచ్చి ఆ వేవ్‌ఫారం చూడొచ్చా? పుస్తకంలో ఇదే సమీకరణం రాసి పరీక్ష పాసయ్యాను, ఇలా ఉంటుందని తెలియదు.

గుణుపురం_ల్యాబ్ | గురువారం, సాయంత్రం 7:05

తప్పకుండా రా తమ్ముడూ. సెటప్ సోమవారం దాకా విప్పను.

బరంపురం_ఈరిక్షా | గురువారం, రాత్రి 8:30

49 కి 29. ఒక్క కెపాసిటర్‌తో! మా 48 వోల్టుల బండ్లకి మాత్రం ఇది చాలదనుకుంటాను, అక్కడ అసలు కరెంటే తగ్గాలి. రోజుకి పదిమంది కనెక్టర్ లాగి పెడుతుంటారు, అందరి చేతా రెసిస్టర్ తాకించలేం. ఏదైనా దానంతట అది చేసే సర్క్యూట్ ఉందా?

జయపురం_పవర్ | గురువారం, రాత్రి 9:50

ఉంది అన్నా. పీ-ఛానల్ మాస్‌ఫెట్ (స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టర్; దాని కాళ్లు సోర్స్, డ్రెయిన్, గేటు) ఒకటి ప్లస్ లైనులో. సోర్స్ బ్యాటరీ వైపు, డ్రెయిన్ బోర్డు వైపు. గేటు నుంచి సోర్స్‌కి 100 కిలో ఓంలు, దాని పక్కనే 100 నానోఫారడ్, గేటు నుంచి గ్రౌండుకి ఇంకో 100 కిలో ఓంలు. ప్లగ్గు పెట్టగానే గేటు కెపాసిటర్ ఖాళీగా ఉంటుంది కాబట్టి మాస్‌ఫెట్ ఆఫ్. అది నిండేకొద్దీ కొన్ని మిల్లీ సెకన్లలో మెల్లగా తెరుచుకుంటుంది. 8 మైక్రోఫారడ్‌ని 5 మిల్లీ సెకన్లలో 27 దాకా నింపడానికి కావలసింది 50 మిల్లీ ఆంపియర్ల లోపే. ఇందాక 54 ఆంపియర్లు అనుకున్నాం కదా. ప్లగ్గు తీసి పెట్టేలోపు గేటు కెపాసిటర్ కూడా ఖాళీ అవుతుంది కాబట్టి ఎన్‌టీసీ లాగా రెండోసారి మోసం చేయదు.

24 వోల్టులకి ఐఆర్‌ఎఫ్9540ఎన్ సరిపోతుంది, 100 వోల్టుల రకం. గేటుకీ సోర్స్‌కీ మధ్య 20 వోల్టులు మించకూడదు, అందుకని ఆ రెండింటి మధ్య 12 వోల్టుల జీనర్ (వోల్టేజ్ మించకుండా ఆపే డయోడ్) తప్పనిసరి. మీ 48 కి ఇదే ఐడియా, కానీ ఒక హెచ్చరిక: మెల్లగా తెరుచుకునే ఆ కొద్దిసేపూ వేడంతా మాస్‌ఫెట్ మీదే పడుతుంది. మీ కంట్రోలర్‌లో వేల మైక్రోఫారడ్లు ఉంటే డేటాషీట్‌లో సేఫ్ ఆపరేటింగ్ ఏరియా గ్రాఫు (ఎంత వోల్టేజ్, ఎంత కరెంటు, ఎంతసేపు తట్టుకుంటుందో చూపేది) చూడకుండా పెట్టొద్దు. అలాంటి చోట రెసిస్టర్‌తో ముందు నింపి, తర్వాత రిలేతో దాన్ని దాటవేయడమే నాకు ఇష్టం.

రాయగడ_పాత_రేడియో | గురువారం, రాత్రి 10:10

ఫ్యాను బోర్డుకి మాస్‌ఫెట్ అక్కర్లేదు. కొండ మీద పాడైతే ఎవరు బాగుచేస్తారు? ఎంత తక్కువ భాగాలుంటే అంత మేలు. ఎలక్ట్రోలైటిక్ ఒకటి, టీవీఎస్ ఒకటి, చాలు.

కానీ నాకు ఇంకో అనుమానం. బాబూ, అవుట్‌పుట్ వైపు కూడా సెరామిక్‌లు వేశావా?

పర్లాకిమిడి_రిపేర్ | శుక్రవారం, ఉదయం 10:00

నాలుగు బోర్డుల్లో వేశాను గురువు గారూ. ఆ నాలుగు ఫ్యాన్లూ సన్నగా కూస్తున్నాయని వార్డెన్ గారు అంటున్నారు. బేరింగ్ అనుకున్నాను.

జయపురం_పవర్ | శుక్రవారం, ఉదయం 11:20

బేరింగ్ కాకపోవచ్చు. ఎల్‌ఎం2596 పాతకాలపు డిజైను. అవుట్‌పుట్ కెపాసిటర్‌లో కాస్త రెసిస్టెన్స్ ఉంటేనే దాని ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌ని చూసి తనని తాను సరిదిద్దుకోవడం) నిలకడగా ఉంటుంది. అక్కడ ఒట్టి సెరామిక్ పెడితే అది అల్లాడుతుంది. పైగా ఎక్స్7ఆర్ సెరామిక్ వోల్టేజ్ ఊగితే తనూ కదిలి శబ్దం చేస్తుంది. ఆ నాలుగింటికీ అవుట్‌పుట్‌లో మళ్ళీ 220 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ పెట్టేయండి.

ఎండిపోతుందన్న మీ మొదటి భయం న్యాయమైనదే, దానికి మందు రకంలో ఉంది. 105 డిగ్రీలది తీసుకోండి. 2000 గంటలు అని రాసి ఉంటే అది 105 దగ్గర లెక్క. ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు. 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు, మూడున్నరేళ్ల పైమాట. బోర్డుని రేకుకి ఆనించకుండా రెండడుగులు కిందికి దించితే ఇంకా పెరుగుతుంది. ఆ ఒక్క పని మీరు రేపే చేయొచ్చు.

పర్లాకిమిడి_రిపేర్ | శుక్రవారం, రాత్రి 9:30

అన్నీ రాసుకున్నాను. ఆదివారం కొండెక్కి 11 బోర్డులూ దించుకొస్తాను. ఒక్క ఇబ్బంది. 105 డిగ్రీలవి ఇక్కడ షాపుల్లో దొరకలేదు, ఉన్నవన్నీ 85 వే. ఇన్‌పుట్‌కి 11, అవుట్‌పుట్‌కి 4 కావాలి.

గుణుపురం_ల్యాబ్ | శుక్రవారం, రాత్రి 9:50

నేను రేపు విశాఖ వెళ్తున్నాను. 100 మైక్రోఫారడ్, 63 వోల్టులవి పదిహేను, 220 వి ఆరు తెస్తాను, 105 డిగ్రీలు చూసే తీసుకుంటాను. తిరుగు ప్యాసింజర్‌లో పర్లాకిమిడి మీదుగానే వస్తాను కదా, స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీద ఉండండి, కిటికీలోంచి ఇచ్చేస్తాను.

పర్లాకిమిడి_రిపేర్ | శుక్రవారం, రాత్రి 9:58

చాలా సంతోషం అక్కా. ఎంతయిందో రాసి ఉంచండి, డబ్బు అక్కడే ఇస్తాను. కాశీనగర్ అన్నా, మీ దగ్గర ఎస్‌ఎంబీజే30ఏ ఉంటే పదకొండు పక్కన పెట్టండి, కొండెక్కే ముందు వచ్చి తీసుకుంటాను.

కాశీనగర్_ఎలక్ట్రికల్ | శుక్రవారం, రాత్రి 10:20

30ఏ తొమ్మిదే ఉన్నాయి తమ్ముడూ. తొమ్మిదీ నీకే. మిగతా రెండూ మంగళవారానికి తెప్పిస్తాను. ఆ రెండు బోర్డులకీ ఎలక్ట్రోలైటిక్ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఫ్యాన్లు ఆపకు, నడవనీ.